మద్యం మానాలనుకునే సింగ్‌కు సరైన సంగత్ ఏది?

ప్రతి వైశాఖికీ, ప్రతి గురుపురబ్‌కీ మన గురుద్వారాల్లో ఒక దృశ్యం కనిపిస్తుంది. ఒక సింగ్ దర్బారులోకి వస్తాడు. శ్రీ గురు గ్రంథ్ సాహిబ్ జీ ముందు తల ఆనించి, కన్నీళ్ళతో, "ఈ రోజు నుంచి మందు ముట్టను" అని ప్రమాణం చేస్తాడు. వెనుక భార్య నిలబడి ఉంటుంది. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంది. గ్రంథీ సింగ్ అర్దాస్ చేస్తారు. అందరికీ సంతోషమే. ఆ ప్రమాణం కొందరికి నాలుగు రోజులు నిలుస్తుంది, కొందరికి నలభై రోజులు. ఆ తర్వాత ఒక సాయంత్రం ఎవరింట్లోనో దావత్, లేదా కూలి డబ్బు చేతికొచ్చిన శనివారం, లేదా ఇంట్లో ఒక మాట. మళ్ళీ గ్లాసు.

తర్వాత ఏం జరుగుతుందో గమనించారా? ఆ సింగ్ గురుద్వారాకు రావడం మానేస్తాడు. గురువు ముందు ఇచ్చిన మాట తప్పాను, ఇక ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను అనుకుంటాడు. ఏ సంగత్ అతన్ని నిలబెట్టాలో ఆ సంగత్ నుంచే తప్పుకుని తిరుగుతాడు. ఆదివారం కీర్తన్ జరుగుతుంటే అతను బెల్టు షాపు వెనుక కూర్చుని ఉంటాడు. అక్కడ అతన్ని ఎవరూ ఏమీ అనరు. ఆలోచిస్తే, ఆ షాపు దగ్గర చేరే నలుగురు కూడా ఒక సంగత్ వంటివారే. రోజూ ఒకే వేళకు కలుస్తారు, ఒకరి కష్టం ఒకరు వింటారు, రానివాడి కోసం కబురు పంపుతారు. తాగేవాడు ఒంటరిగా తాగడు, సంగత్‌లో తాగుతాడు. అలాంటప్పుడు ఒంటరిగా మానమని మనం అతనికి చెబుతున్నాం. ఇది ఎలా కుదురుతుంది?

అందుకే ఈ చిన్న పుస్తకంలో ఒకే సంగతి మాట్లాడుకుందాం. మానాలనుకునేవాడు ఏ సంగత్‌లో కూర్చోవాలి, దాన్ని ఎలా వెతుక్కోవాలి, ఎలా గుర్తుపట్టాలి.

మద్యం గురించి గురుమతం ఏమంటుందో మీకు కొత్తగా చెప్పక్కరలేదు. మూడవ పాతశాహీ గురు అమర్ దాస్ జీ బిహాగడా వార్‌లో చేరిన తమ సలోకంలో, తాగినవాడికి బుద్ధి చెదిరి తనవారెవరో పరాయివారెవరో తెలియకుండా పోతుందనీ, యజమాని దర్బారులో అతనికి గెంటివేత తప్పదనీ హెచ్చరించారు. భంగు, నల్లమందు, మద్యం, పొగాకు, మరే మత్తు పదార్థమైనా సిక్కు వాడరాదని రహత్ మర్యాద స్పష్టంగా చెబుతోంది. ఇది తెలియని సిక్లీగర్ బిడ్డ లేడు. తాగేవాడికైతే మనకంటే బాగా తెలుసు. తెలుసు కనుకే సిగ్గుపడుతున్నాడు. తెలిసినదాన్నే అతనికి పదిసార్లు వినిపిస్తే అతని సిగ్గు పెరుగుతుందే గాని చేతిలోని గ్లాసు కిందికి దిగదు.

జన్మసాఖీల్లో ఒక కథ ఉంది. బాబర్ భంగు ఇవ్వబోతే గురు నానక్ దేవ్ జీ, నామం మత్తు ఎక్కినవాడికి దీనితో పని లేదని తిరస్కరించారంటారు. ప్రచారకులం ఈ కథను తరచూ చెబుతాం, చెప్పాలి కూడా. కాని ఉదయం లేవగానే చేయి వణుకుతున్న మనిషికి ఈ కథ చెప్పి, "కూర్చుని సిమ్రన్ చెయ్యి, అదే పోతుంది" అంటే సరిపోదు. అతని ఒళ్ళు రెండు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోనివ్వదు. అది మనసు బలహీనత మాత్రమే అనుకోవడం పొరపాటు. తాగుడు ముదిరితే జబ్బు అవుతుంది.

మనం చేతిపనివాళ్ళం. చెయ్యే మన ఆస్తి. తాళంచెవికి ఆకురాయి పట్టేటప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా చెవి తిరగదు. ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద పట్టుకున్న చేయి కదిలితే సుత్తె ఎక్కడ పడుతుందో మీకు తెలుసు. ఆ వణుకు ఆపడానికి పొద్దున్నే ఒక గుక్క తాగే అన్నదమ్ములు మనలో ఉన్నారు. "తాగితేనే నా చేయి పని చేస్తుంది" అని వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. ఒంటికి మద్యం అంతగా అలవాటైపోయిందని దాని అర్థం. అలాంటివాడు ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. ఈ మాట పెద్దక్షరాలతో రాసుకోండి. ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమట, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల లోపల కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరు మతి తప్పి లేనివి చూస్తారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో చంపడానికి వస్తున్నారని పరుగెత్తుతారు. ఇంట్లోవాళ్ళు దయ్యం పట్టిందనుకుని తాయెత్తు కట్టించేవాడి దగ్గరికి తీసుకుపోతారు. అది దయ్యం కాదు, ప్రాణం మీదికొచ్చే జబ్బు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ మందులిచ్చి, బి1 విటమిన్ ఎక్కించి, కొద్ది రోజుల్లో కుదుట పడేలా చేస్తారు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. చాలా జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు.

కల్లు తాగేవాళ్ళకూ ఇదే మాట. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో నిద్రమాత్రల మందులు కలిపేవారు. "నేను తాగేది కల్లే, మందు కాదు" అనే అన్నలు ఇది గుర్తుంచుకోవాలి.

వైద్యుడి దగ్గరికి వెళ్ళడం గురువు మీద నమ్మకం తగ్గడమేమీ కాదు. ఏడవ పాతశాహీ గురు హర్ రాయ్ జీ కీరత్‌పూర్‌లో మందుల శాల నడిపారనీ, దారా షికో జబ్బుకు మందు అక్కడినుంచే వెళ్ళిందనీ మన చరిత్ర చెప్పుకుంటుంది. సాక్షాత్తూ గురువుగారే మూలికలు భద్రపరిచి ఉంచితే, మనం మాత్ర మింగడానికి సిగ్గుపడటం ఎందుకు?

సరే, ఆసుపత్రి ఒంట్లోని మద్యాన్ని తీసేసింది. పదో రోజున సింగ్ ఇంటికొచ్చాడు. ముఖం తేటగా ఉంది. ఇప్పుడే అసలు పని మొదలవుతుంది. సాయంత్రం ఆరున్నరకు అతని కాళ్ళు ఎటు పోవాలి? పదిహేనేళ్ళుగా ఒకే దారి తెలిసిన కాళ్ళవి.

ఇక్కడికి 1935 నాటి ఒక సంగతి చెబుతాను. అమెరికాలో న్యూయార్క్‌కు చెందిన బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి తాగుడుతో సర్వం పోగొట్టుకుని, అప్పటికి కొన్ని నెలలుగా మానివేసి ఉన్నాడు. పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ అనే ఊరికి వెళితే అక్కడ వ్యవహారం బెడిసికొట్టింది. హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క బార్ పిలుస్తోంది, ఇంకో పక్క ఫోన్ ఉంది. తాను మళ్ళీ తాగకుండా ఉండాలంటే మరో తాగుబోతుతో మాట్లాడాలి అనిపించి ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి దారి దొరికింది. పదిహేను నిమిషాలు మాత్రమే ఉంటానని వచ్చిన ఆ డాక్టరు ఆరు గంటలకు పైగా కూర్చుండిపోయాడు. ఎందుకంటే మొదటిసారిగా ఎవరో అతనికి నీతి చెప్పకుండా తన సొంత కథ చెప్పారు. ఆ సర్జన్ చేయి కూడా వణికేది. ఆపరేషన్‌కు ముందు చేయి కుదురుగా ఉండటానికి ఒక బీరు తాగాల్సి వచ్చింది. అదే అతని చివరి తాగుడు. ఆ రోజు 1935 జూన్ 10. ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏఏ, ఆ రోజునే పుట్టిందని లెక్కపెడతారు. మన దేశంలో ఈ మీటింగులు 1957 నుంచి జరుగుతున్నాయి.

భాయీ గురుదాస్ జీ వారుల్లో ఇద్దరు కలిస్తేనే సాధ్ సంగత్ అవుతుందన్న భావం ఉంది. ఏఏవాళ్ళ నియమాల్లో కూడా, మానడం కోసం ఇద్దరు ముగ్గురు కూడితే దాన్ని గ్రూపు అనుకోవచ్చని రాసుకున్నారు. వాళ్ళు మన గ్రంథాలు చదివి రాసినవారు కారు. అవసరమే వాళ్ళకు ఆ సంగతి నేర్పింది.

ఇప్పుడు కొందరు పెద్దలు అడుగుతారు: "మనకు గురువు ఉన్నారు, సంగత్ ఉంది, లంగర్ ఉంది. వేరే మీటింగ్ ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది. దర్బారులో మనం గురువుగారి ఎదుట కూర్చుని వింటాం. అక్కడ ఎవరూ లేచి, "రాత్రి బిడ్డ ఫీజు డబ్బు తాగేశాను" అని చెప్పరు, చెప్పే చోటూ కాదు. ఆ మాట చెప్పుకోవడానికి ఒక చోటు కావాలి. వినేవాళ్ళు కూడా అదే పని చేసినవాళ్ళై ఉండాలి. మన పంథ్‌లో తప్పు ఒప్పుకునే పద్ధతి లేకపోలేదు. పాహుల్ తీసుకుని రహత్ తప్పినవాడు పంజ్ ప్యారే ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. వారు వేసిన తన్ఖాహ్‌ను, అంటే జోళ్ళు తుడవడమో, గిన్నెలు తోమడమో, పాఠ్ చేయడమో, సంతోషంగా స్వీకరిస్తాడు. మత్తు పదార్థాలు వాడటం రహత్ మర్యాద ప్రకారం తన్ఖాహ్ వేయదగిన తప్పు. అంటే పంథ్ అతన్ని వెళ్ళగొట్టలేదు, తిరిగి వచ్చే తలుపు పెట్టింది. మీటింగ్‌కు వెళ్ళే సింగ్ ఆ తలుపు వైపే నడుస్తున్నాడు. ఆదివారం దివాన్, వారంలో మూడు సాయంత్రాలు మీటింగ్. రెండింటికీ తగాదా లేదు.

ఇంకో అనుమానం మతం గురించి. ఏఏ క్రైస్తవుల మధ్య పుట్టింది, ఆ వాసన కొన్ని మాటల్లో ఉంది. దాచాల్సిన పని లేదు. చాలా ఊళ్ళలో మీటింగులు చర్చి గదుల్లో, స్కూళ్ళలో జరుగుతాయి, తక్కువ అద్దెకు దొరికేవి అవే గనుక. అయితే ఆ సంస్థ ఏ మతానికీ చెందదని దాని నియమాలే చెబుతున్నాయి. వాళ్ళ పన్నెండు మెట్లలో మనకంటే గొప్ప శక్తి అనీ, మనకు అర్థమైన రీతిలో దేవుడనీ మాత్రమే ఉంటుంది. సిక్కుకు ఆ శక్తి అకాల్ పురఖ్. చివర్లో వాళ్ళు ఏదైనా ప్రార్థన చదువుతుంటే, నువ్వు మనసులో వాహెగురు అనుకో. దస్తార్ తీయమని ఎవరూ అనరు, అనకూడదు. సభ్యుడు కావడానికి ఒకే అర్హత: మానాలన్న కోరిక.

ఏఏ ఒక్కటే దారి అని నేను అనడం లేదు. ఆసుపత్రుల్లో, డి-అడిక్షన్ కేంద్రాల్లో కౌన్సెలర్లు నడిపే గ్రూపులు ఉంటాయి. దగ్గరలో అదే ఉంటే అక్కడికే వెళ్ళండి. ఎలా తెలుసుకోవాలంటే, 14446 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం నడిపే మత్తు విముక్తి సహాయ నంబరు అది. చికిత్స చేసిన డాక్టరును, వార్డులోని కౌన్సెలర్‌ను అడగండి. హైదరాబాదు, సికింద్రాబాదుల్లో ఏఏ గ్రూపులు చాలాకాలంగా ఉన్నాయి. ఊళ్ళు తిరుగుతూ తాళాలు బాగుచేసే అన్నలు, బకెట్లు అమ్మే అన్నలు, తాము వెళ్ళే పట్టణాల్లో మీటింగ్ ఎక్కడ, ఏ వారం, ఎన్ని గంటలకు అన్నది ఒక చీటీ మీద రాసుకుని దస్తార్ మడతలోనో, పనిముట్ల పెట్టెలోనో ఉంచుకోవాలి. కొత్త ఊళ్ళో లాడ్జి గది, చేతిలో ఆ రోజు సంపాదన, అడిగేవాడు లేడు. ప్రమాదమంతా అక్కడే.

లోపల ఏం జరుగుతుందో తెలియకే సగం మంది వెళ్ళరు. కాబట్టి చెబుతాను. కుర్చీలు వేసి ఉంటాయి. గంట, గంటన్నర జరుగుతుంది. ఒకరు నడిపిస్తారు, కొంచెం చదువుతారు. తర్వాత ఒక్కొక్కరు తమ పేరు మాత్రమే చెప్పి, ఇంటిపేరూ ఊరూ అక్కరలేకుండా, తమ కథ చెబుతారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రారు, సలహాలు గుప్పించరు. మాట్లాడటం ఇష్టం లేకపోతే "ఈ రోజు వింటాను" అంటే చాలు. రిజిస్టరులో సంతకాలు ఉండవు. ఒక సంచి తిప్పుతారు, ఉన్నవాళ్ళు పదో ఇరవయ్యో వేస్తారు, లేనివాళ్ళు వేయరు, కొత్తవాణ్ణి అడగరు. ఎక్కువ చోట్ల టీ ఉంటుంది. క్లోజ్డ్ మీటింగ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకు మాత్రమే. ఓపెన్ మీటింగ్ అంటే భార్య, అన్న, గ్రంథీ ఎవరైనా వచ్చి వినవచ్చు. మొదటిసారి భయపడేవాణ్ణి ఓపెన్ మీటింగ్‌కు తీసుకుపోవడం మంచిది.

ఇక సరైనది ఏదో ఎలా తెలుస్తుంది? ముందు భాష. కొన్ని గ్రూపులు ఇంగ్లీషులో, కొన్ని హిందీలో నడుస్తాయి. మన కథను మన నోటికి వచ్చే భాషలో చెప్పలేకపోతే అది కథ కాదు, అప్పగింత పాఠం. తెలుగులో గాని, మనకు అలవాటైన హిందీలో గాని మాట్లాడే గ్రూపును వెతకాలి. తర్వాత దూరం, వేళ. రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన మీటింగ్‌కు ఉత్సాహం ఉన్న మొదటి వారం వెళతాం, మూడో వారం మానేస్తాం. గ్లాసు గుర్తొచ్చే వేళ ఏదో ఆ వేళకు దగ్గరగా ఉండే మీటింగ్ దొరికితే అంతకంటే మేలు లేదు.

మనుషులను చూడండి. ఏళ్ళ తరబడి మానివేసినవాళ్ళు కనీసం ఇద్దరు ముగ్గురు ఉండాలి, నిన్న మొన్న వచ్చినవాళ్ళూ ఉండాలి. పాతవాళ్ళు లేకపోతే దారి చూపేవారు ఉండరు. కొత్తవాళ్ళు లేకపోతే అది తలుపు వేసుకున్న ఇల్లు. మీటింగ్ అయ్యాక ఎవరైనా దగ్గరికొచ్చి ఫోన్ నంబరు ఇచ్చారా? "తాగాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి" అన్నారా? అలాంటి పాత సభ్యుణ్ణి వాళ్ళు స్పాన్సర్ అంటారు. చాలామందిని నిలబెట్టేది మీటింగ్‌లో విన్న ప్రసంగం కన్నా రాత్రి పదకొండింటికి ఎత్తిన ఆ ఫోనే.

మన వాళ్ళకు మరో చిక్కు ఉంది. దస్తార్ కట్టినవాడు పదిమందిలో దాక్కోలేడు. బస్తీ పక్కనే మీటింగ్ అయితే, "ఫలానా సింగ్ అక్కడ కనిపించాడు" అని మర్నాటికి పదిళ్ళకు తెలుస్తుంది. మొదట్లో వేరే పేటలోని మీటింగ్‌కు వెళ్ళడంలో తప్పేమీ లేదు. ఎవరైనా సర్దార్జీ జోకు వేసి అందరూ నవ్వితే, ఒకసారి నెమ్మదిగా చెప్పి చూడు. మారకపోతే ఇంకో గ్రూపు వెతుక్కో. ఒక గ్రూపు నచ్చలేదని మీటింగులే వద్దనుకోకు. ఒక దుకాణంలో ఆకురాయి మొద్దుగా ఉందని మనం పనే మానుకోం కదా. ఏదైనా ఒక గ్రూపు మనకు కుదురుతుందా లేదా అని తేల్చుకునే ముందు కనీసం ఆరుసార్లు కూర్చోవాలన్నది అనుభవజ్ఞుల మాట. మొదటిసారి అంతా వింతగానే ఉంటుంది. రెండోసారి ఎవరో పేరు పెట్టి పలకరిస్తారు.

దూరంగా ఉండాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. మానిపిస్తామని వేలకు వేలు ముందే కట్టించుకుని, మనిషిని గదిలో పెట్టి తాళం వేసి కొట్టే కేంద్రాలున్నాయి. అవి సంగత్ కావు, జైళ్ళు. గ్యారంటీ ఇస్తామంటూ పొడులు అమ్మేవాళ్ళున్నారు. "డాక్టరిచ్చిన మాత్రలు పారెయ్" అని చెప్పే గ్రూపు ఏదైనా సరే, అక్కడినుంచి లేచి వచ్చేయండి. మతం మారితేనే మందు మానగలవు అనేవాళ్ళ దగ్గర కూడా కూర్చోవద్దు.

ఇప్పుడు బీబీలతో ఒక మాట. అక్కా, చెల్లీ, నీ భర్తకు తెలియకుండా అన్నంలో మందు మాన్పించే మాత్ర కలపమని ఎవరో చెప్పి ఉంటారు. కలపవద్దు. డైసల్ఫిరామ్ అనే ఆ మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే రక్తపోటు పడిపోయి, గుండె మీద దెబ్బ పడి, ప్రాణమే పోవచ్చు. అది తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకోవాల్సిన మందు. నీకు కూడా ఒక సంగత్ కావాలి. తాగేవాళ్ళ ఇంటివారి కోసం ఆల్-ఆనాన్ అనే మీటింగులు వేరుగా ఉన్నాయి. 1951లో బిల్ విల్సన్ భార్య లోయిస్, ఆమె స్నేహితురాలు కలిసి మొదలుపెట్టారు. భర్త మానినా మానకపోయినా నువ్వు వెళ్ళవచ్చు. అతను పనికి రాలేదేమని మేస్త్రీ అడిగితే జ్వరమని అబద్ధం చెప్పడం, బెల్టు షాపు బాకీ నీ కమ్మలు అమ్మి తీర్చడం, ఇవన్నీ ప్రేమతోనే చేస్తున్నావు. కాని అవే అతన్ని అక్కడే ఉంచుతున్నాయని ఆ మీటింగ్‌లో మరో ఇల్లాలి నోట వింటే నీకు అర్థమవుతుంది. చేయి చేసుకుంటే మాత్రం ఓర్చుకోవాలని ఏ గురువూ చెప్పలేదు. 181కి ఫోన్ చెయ్యి.

మన తెలుగు నేల మీద మద్యానికి వ్యతిరేకంగా లేచిన అతి పెద్ద ఉద్యమం ఆడవాళ్ళు కలిసి కూర్చున్న చోటే పుట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య తరగతుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు తమ ఇళ్ళ సంగతులు చెప్పుకున్నారు. రోశమ్మ ముందు నిలిచింది. 1992లో సారా కొట్లు మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తర్వాత వచ్చిన సంపూర్ణ నిషేధం ఎక్కువ కాలం నిలవలేదు, అది వేరే కథ. అలా కూర్చోవడానికి మన బస్తీలో బీబీలకు లంగర్ గది ఉండనే ఉంది. తాగే ఆడవాళ్ళు కూడా ఉన్నారని ఇక్కడే చెప్పాలి. కొన్ని ఇళ్ళలో కల్లు, గుడుంబా ఇద్దరూ తాగుతారు. ఆడవాళ్ళ సిగ్గు రెండింతలు. వాళ్ళకు ఆడవాళ్ళుండే గ్రూపు దొరికేలా చూడటం మన బాధ్యత.

గురుద్వారా కమిటీ పెద్దలకు విన్నపం. 2019లో కేంద్ర ప్రభుత్వం, ఎయిమ్స్ కలిసి ప్రకటించిన జాతీయ సర్వేలో, మద్యానికి పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందిందని తేలింది. మిగతా 37 మంది మన బస్తీల్లాంటి చోట్లే ఉన్నారు. వారానికి ఒక సాయంత్రం మీ దగ్గరున్న ఒక పక్కగది ఇవ్వండి. బ్యానర్లు కట్టకండి, ఫోటోలు తీయకండి, ఎవరొచ్చారో రాసిపెట్టకండి. లోపలికి వెళ్ళి ప్రవచనం చెప్పాలన్న కోరిక గ్రంథీ సింగ్‌కు కలుగుతుంది. ఆ గంటసేపు ఆపుకోవాలి. ఏఏ గ్రూపు అయితే గదికి ఏదో అద్దె ఇస్తామని పట్టుబడుతుంది. సేవకు డబ్బా అని నొచ్చుకోకండి. బయటివారి విరాళం తీసుకోకుండా తమ ఖర్చు తామే భరించాలన్నది వాళ్ళ నియమం. తీసుకుని గోలక్‌లో వేయండి. ఒక ఇబ్బంది ముందే చెబుతాను. మందు మానినవాళ్ళలో బీడీ సిగరెట్లు తాగేవాళ్ళు చాలామంది ఉంటారు. గురుద్వారా ఆవరణలోకి పొగాకు రాకూడదు. గేటు దగ్గరే మర్యాదగా చెప్పండి. అలా కుదరదనిపిస్తే దగ్గరి స్కూలు గదో, కమ్యూనిటీ హాలో చూసిపెట్టండి. నిజానికి చాలా చోట్ల అదే బాగుంటుందని నా అభిప్రాయం. ఇక మన ఆనంద్ కారజ్ దావత్‌లలో వెనుక సందులో నడిచే మందు సంగతి కమిటీ ఎప్పుడు మాట్లాడుతుందో గురువుకే తెలియాలి.

మీటింగులకు వెళ్ళే సింగ్ మళ్ళీ ఒక రోజు తాగవచ్చు. చాలామందికి జరుగుతుంది. ఆ రోజు ఇంట్లో, "ఇదేనా నీ మీటింగ్" అని అరుస్తారు. అతను చేయాల్సింది ఒకటే: మర్నాడు అదే మీటింగ్‌కు వెళ్ళి, అదే కుర్చీలో కూర్చుని, "నిన్న తాగాను" అని చెప్పడం. అక్కడివాళ్ళు జీవితాంతం అని ప్రమాణం చేయించరు. ఈ ఇరవై నాలుగు గంటలు అంటారు. రేపు మళ్ళీ ఇరవై నాలుగు. మన నిత్నేమ్ కూడా రోజుకు రోజు చేసేదే కదా. అమృత్ వేళ ఈ రోజుకు గురువు అండ అడుగుతాం, రేపటిది రేపు. కనుక వైశాఖికి ప్రమాణం చేయాలనుకునే తమ్ముణ్ణి చూస్తే జీవితకాలపు మాట అడగకండి. ఈ రోజుకు అర్దాస్ చేయించి, సాయంత్రం ఎక్కడికి వెళతాడో అడగండి.

సిక్లీగర్ అన్న మాట సైకల్ అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. తుప్పు వదిలించి మెరుగు పెట్టడమని అర్థం. గురువుగారి సైన్యం ఆయుధాలకు మెరుగు పెట్టిన వంశమని మన పెద్దలు చెప్పుకుంటారు. తుప్పు పట్టిన కత్తి తనకు తానే మెరుగు పెట్టుకోవడం మన కొలిమిలో ఎప్పుడైనా చూశామా? ఇంకో ఇనుము, ఇంకో చేయి కావాలి. జపుజీ సాహిబ్ చివరి పౌడీలో గురు నానక్ దేవ్ జీ మనిషి తయారయ్యే చోటును కొలిమి, దాగలి, సుత్తెలతోనే పోల్చి చెప్పారు. అందులో ఓర్పుకు కూడా చోటుంది.

మీ గల్లీలో ఆ సింగ్ ఎవరో మీకు తెలుసు. మొదటి సాయంత్రం అతను ఒంటరిగా వెళ్ళలేడు; గేటు దాకా వెళ్ళి తిరిగి వస్తాడు. పనిముట్ల పెట్టె ఇంట్లో పెట్టించి, నోట్లో ఏదైనా పెట్టించి, బండి మీద వెనుక కూర్చోబెట్టుకుని తీసుకుపోండి. అది క్లోజ్డ్ మీటింగ్ అయితే బయట టీ కొట్టు దగ్గర గంటన్నర ఆగండి. వచ్చాక ఏం మాట్లాడారని అడగకండి. మళ్ళీ ఎప్పుడు ఉందో మాత్రం అడగండి.

వాహెగురు జీ కా ఖాల్సా, వాహెగురు జీ కీ ఫతే!